శ్రవ్య నాటకం, ఇంటి చదువు, బాలల సృజనశక్తి

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక ముందు ఆసీనులైన పూర్వ విద్యార్థులలో చాలామంది ఈనాడు తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. వారి వేలు పట్టుకొని వచ్చిన మనుమలలో, మనుమరాళ్ళలో ఎందరికో తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. నాయనమ్మ చెప్పిన కథ చక్కగా అర్థమవుతుంది. అదే కథ పుస్తకంలో ఎదురైతే అక్షరాలు కూడబలుక్కోవలసి వస్తుంది, లేదా పుస్తకం పక్కన పెట్టవలసి వస్తుంది. చదువు ఇంగ్లీషులో, వీధిలో మాట ఒడియాలో, ఇంట్లో పిలుపు తెలుగులో. బరంపురం తెలుగు కుటుంబాల స్థితి ఇది. ఒడియా స్థానంలో తమిళాన్నో, కన్నడాన్నో, మరాఠీనో ఉంచితే హోసూరు, బళ్ళారి, షోలాపురం కుటుంబాల స్థితీ ఇదే.

చెవితో మాత్రమే వినే నాటకం వల్ల, ఇంటిలో సాగే చదువు వల్ల పిల్లలలో సృజనశక్తి వృద్ధి పొందుతుందా అన్నది ఈ ప్రసంగ విషయం. ఇతర ప్రాంతాలలో ఇది విద్యాశాస్త్రజ్ఞులు తీరికగా చర్చించదగిన ప్రశ్న. ఇక్కడ మాత్రం దీని వెనుక మరొక ప్రశ్న నిలిచి ఉంది. చెవిలో మిగిలిన తెలుగుతో ఈ పిల్లలు కొత్తగా ఏదైనా కల్పించగలరా, లేక ఆ భాష పెద్దలు పిలిస్తే పలకడానికి మాత్రమే పరిమితమై, ఆ పెద్దలతోనే ముగిసిపోతుందా?

ముందుగా సృజనశక్తి అంటే ఏమిటో నిర్ణయించుకోవడం అవసరం. కవిత్వానికి కారణాలు చెబుతూ దండి తన 'కావ్యాదర్శం'లో మూడింటిని పేర్కొన్నాడు. ఒకటి పుట్టుకతో వచ్చే ప్రతిభ, రెండవది శ్రుతం, మూడవది అభ్యాసం. రెండవదానికి ఆయన వాడిన మాట గమనించదగినది. శ్రుతం అంటే శాస్త్ర పరిజ్ఞానమని వ్యాఖ్యాతలు వివరిస్తారు; మాటకు మూలార్థం మాత్రం 'వినబడినది'. చదువు అంటేనే వినడం అయిన కాలం అది. ప్రతిభను ఏ తల్లీ, ఏ గురువూ పోసి నింపలేరు. వారి చేతిలో ఉన్నవి తక్కిన రెండే: పిల్లవాని చెవిన మంచి మాట పడేటట్టు చూడడం, ఆ పడినదానితో తానే ఏదో ఒకటి చేసి చూసుకొనే అవకాశం కల్పించడం. శ్రవ్య నాటకాన్ని, ఇంటి చదువును ఈ రెండు కొలతలతోనే పరీక్షించాలి.

ప్రాచీన లాక్షణికులు నాటకాన్ని దృశ్యకావ్యాలలో చేర్చారు. తెర, రంగం, వేషం, ఆహార్యం లేని నాటకం వారి ఊహకు అందేది కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో రేడియో వచ్చి దృశ్యాన్ని తీసివేసి, నాటకాన్ని శ్రవ్యం చేసింది. రేడియో కోసమే రచించిన తొలి నాటకాలలో ప్రసిద్ధమైనది 1924 జనవరి 15న బి.బి.సి. ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటిక 'డేంజర్'. ఒక బొగ్గుగనిని చూడవచ్చిన మనుషులు భూగర్భంలో ఉండగా దీపాలు ఆరిపోతాయి. అక్కడి నుండి కథంతా చీకటిలోనే నడుస్తుంది. పాత్రలకు కనిపించనిదే శ్రోతకూ కనిపించదు. నాటకానికి కన్ను లేకపోవడం లోపమని లోకం అనుకొంటున్న రోజులలో, హ్యూస్ ఆ లోపాన్నే కథావస్తువుగా చేసుకొన్నాడు.

తెలుగువారికి ఈ కళ పూర్తిగా కొత్తది కాదు. హరిదాసు ఒక్కడే నిలబడి, చిడతలు మోగిస్తూ, ఒకే గొంతులో రావణుని అహంకారాన్నీ, సీత దైన్యాన్నీ, హనుమంతుని వినయాన్నీ పలికిస్తాడు. లంక ఎదుట లేదు, అశోకవనం లేదు. శ్రోత తన మనస్సులో తానే వాటిని కట్టుకొంటాడు. పందిరిలో రెండు వందల మంది ఉంటే రెండు వందల లంకలు. రేడియో నాటిక ఈ పాత విద్యకే కొత్త యంత్రం తొడిగింది. స్టూడియోలో రెండు కొబ్బరి చిప్పలను బల్లమీద తాటిస్తే గుర్రం పరుగెత్తుతుంది. రేకును ఆడిస్తే ఉరుము ఉరుముతుంది. చాటలో కందులు అటూ ఇటూ దొర్లిస్తే వాన కురుస్తుంది. శబ్దం సూచన మాత్రమే. గుర్రం రంగు, వాన జోరు, తడిసిన మనిషి ముఖం అన్నీ శ్రోత సమకూర్చుకోవలసినవే. నటుడు సగం చేసి వదిలిన పనిని వినేవాడు పూర్తి చేస్తాడు. పిల్లవాని మనస్సుకు ఇది వ్యాయామం.

ఈ మాటకు పరిశోధనల బలం కొంత ఉంది. 1986లో అమెరికాలో పెట్రీషియా గ్రీన్‌ఫీల్డ్, ఆమె సహ పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. ఒకే కథను కొందరు పిల్లలకు రేడియోలోవలె వినిపించారు, మరికొందరికి టెలివిజన్‌లోవలె చూపించారు. ముగింపుకు కొంచెం ముందుగా కథను ఆపి, తరువాత ఏమి జరిగిందో చెప్పమన్నారు. విన్న పిల్లల ముగింపులలో కథలో లేని కొత్త మనుషులు, కొత్త సంఘటనలు, కొత్త మాటలు ఎక్కువగా కనిపించాయి. విన్న కథ సరిగా గుర్తులేక పిల్లలు ఏదో అల్లి చెప్పారేమో అన్న సందేహం సహజం. నెదర్లాండ్స్‌లో వాల్కెన్‌బర్గ్, బీంట్యెస్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ సందేహాన్నే పరీక్షించి 1997లో ఫలితాలు ప్రచురించారు. మరపు కారణమన్న వాదం కంటె, తయారుగా ఉన్న బొమ్మ ఎదుట లేకపోవడమే కారణమన్న వాదానికే వారి ఫలితాలు అనుకూలించాయి.

ఇంకొక ఉదాహరణ కెనడా నుండి. కొండల మధ్యనున్న ఒక చిన్న ఊరికి 1973 వరకు టెలివిజన్ ప్రసారాలు అందలేదు. టానిస్ మెక్‌బెత్ విలియమ్స్ బృందం ఆ ఊరి పిల్లలను ప్రసారాలు రాకముందు ఒకసారి, వచ్చిన రెండేళ్ళకు మరొకసారి పరీక్షించింది. ఒక మామూలు వస్తువు పేరు చెప్పి, దానిని ఎన్ని విధాలుగా ఉపయోగించవచ్చో ఊహించమనే పరీక్ష అది. మొదటిసారి ఆ ఊరి పిల్లలు పొరుగున టెలివిజన్ ఉన్న ఊళ్ళ పిల్లల కంటె ముందున్నారు. రెండేళ్ళ తరువాత ఆ ఆధిక్యం మిగలలేదు.

అయితే ఇక్కడ తొందరపాటు కూడదు. గ్రీన్‌ఫీల్డ్ ప్రయోగాలలోనే మరొక ఫలితం ఉంది: కథలోని వివరాలను గుర్తుంచుకోవడంలో బొమ్మ చూసిన పిల్లలదే పైచేయి. అంటే కంటికి దాని పని ఉంది, చెవికి దాని పని ఉంది. భూగోళ పాఠంలో పటం చూపకుండా నది ప్రవాహాన్ని వర్ణించి ఊరుకోవడం విద్య అనిపించుకోదు. మరొక సంగతి. కథ విని ముగింపు ఊహించిన పిల్లవాడు ఆ ఊహను ఎవరికో ఒకరికి చెప్పాడు. అడిగినవారు ఉన్నారు కనుక చెప్పాడు. అడిగేవారు లేని చోట ఆ ఊహ మెరుపులా మెరిసి మాయమవుతుంది. చెవిలో తీగలు పెట్టుకొని గంటల తరబడి ఒంటరిగా వినే పిల్లవాడు బొమ్మలు చూసే పిల్లవాని కంటె మెరుగైన శ్రోత కావచ్చు. అంతమాత్రాన స్రష్ట కాడు. దండి చెప్పిన శ్రుతం అతనికి లభించింది, అభ్యాసం లభించలేదు.

ఈ రహస్యాన్ని బాగా ఎరిగిన దంపతులు తెలుగుదేశంలో ఉన్నారు. వారిలో ఒకరు ఈ బరంపురంలోనే జన్మించారన్నది ఈ సభకు గర్వకారణం. ఆయన న్యాయపతి రాఘవరావు. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమైన తరువాత, ఆయన రేడియో అన్నయ్యగా, ఆయన సతీమణి కామేశ్వరి రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలకు ఆప్తులయ్యారు. 1940లో బాలానంద సంఘం, 1945లో 'బాల' పత్రిక వారి కృషితోనే వెలిశాయి. తరువాతి కాలంలో హైదరాబాదు చేరి అక్కడా పిల్లల కోసమే జీవించారు. పిల్లలకు కథలు చెప్పిన పెద్దలు పూర్వమూ ఉన్నారు. రాఘవరావు దంపతుల విశిష్టత వేరు. వారు పిల్లలను శ్రోతలుగా మాత్రమే చూడలేదు. మైకు ముందు నిలబెట్టారు. ఇంటి దగ్గర రేడియో చుట్టూ మూగిన పిల్లవానికి వినబడినది సాటి పిల్లవాని గొంతు. ఆ గొంతు వినగానే ఏ పిల్లవానికైనా మొదట కలిగే భావం, ఆ పని తానూ చేయగలనని. సృజనకు మొదటి మెట్టు ఆ ధైర్యమే.

విజయవాడ కేంద్రం 1948లోను, విశాఖపట్టణ కేంద్రం 1963లోను ఆరంభమయ్యాయి. ఈ పాఠశాల పిల్లలు పెరిగి పెద్దవారవుతున్న కాలమూ, ఆ కేంద్రాలు తెలుగు నాటికలు ప్రసారం చేస్తున్న కాలమూ ఒకటే. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఎల్లలు మారాయి. ధ్వని తరంగాలకు ఎల్లలు లేవు. పాఠ్యపుస్తకం ఇవ్వలేని నుడికారాన్ని, యాసల తేడాలను, సంభాషణలోని విరుపులను ఆ తరం చెవితో గ్రహించింది.

ఇక ఇంటి చదువు. పిల్లలను బడికి పంపకుండా ఇంటిలోనే చదివించే పద్ధతిని ఒక ఉద్యమంగా మలచినవారిలో అమెరికన్ ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ ముఖ్యుడు. తరగతి గదిలో పిల్లలు నేర్చుకొనేది పాఠం కంటె భయమే ఎక్కువని ఆయన చాలాకాలం వాదించాడు. 1977లో ఇంటి చదువుల కోసమే ఒక పత్రిక నడిపాడు. భారతదేశంలో విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలయింది. ఆరు మొదలు పదునాలుగేళ్ళ వరకు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అందించడం ప్రభుత్వ బాధ్యత అని దాని సారాంశం. బడి మానిన లేదా బడికి వెళ్ళలేని పిల్లలు పరీక్షలు రాసే వీలు కల్పిస్తూ జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 1989 నుండి పనిచేస్తోంది.

ఇంటి చదువుకు భారతదేశం చూపగల మహోదాహరణ రవీంద్రనాథ ఠాకూరు. బాల్యంలో ఆయనను చేర్చిన బడులేవీ ఆయనను నిలుపుకోలేకపోయాయి. ఇంటిలోనే గురువులు వచ్చి సాహిత్యం, గణితం, చిత్రలేఖనం, వ్యాయామం నేర్పారు. అన్న హేమేంద్రనాథుడు పట్టుబట్టి తమ్మునికి మొదటి చదువులు మాతృభాష అయిన బెంగాలీలో చెప్పించాడు. ఇంటిలో సంగీతం, నాటక ప్రదర్శనలు, పత్రికా రచన నిత్యకృత్యాలు. ఆ వాతావరణంలో ఆ బాలుడు కవి కావడంలో ఆశ్చర్యం లేదని ఇంటి చదువు పక్షపాతులు అంటారు. నిజమే. కాని ఆ కథకు ఉత్తరార్ధం ఉంది. బడిని సహించలేకపోయిన ఆ బాలుడే పెద్దవాడై 1901లో శాంతినికేతనంలో స్వయంగా ఒక బడి తెరిచాడు. అక్కడి విద్యార్థుల కోసం నాటకాలు రాశాడు. 1908 నాటి 'శారదోత్సవం' అటువంటిది. ఇంటి చదువు ఫలం అనుభవించిన మహాకవి తన అనుభవం నుండి తీసిన సారం 'పిల్లలను ఇంటనే ఉంచండి' అన్నది కాదు. ఇంటిలో ఉండే తీరికనూ, స్వేచ్ఛనూ బడిలోకి తెచ్చి, ఇంటిలో దొరకని తోటివారిని వాటికి జోడించాలన్నదే ఆయన తన ఆచరణతో చూపిన మార్గం.

ఇంటి చదువు వల్ల సృజనశక్తి పెరుగుతుందని తేల్చి చెప్పడంలో ఒక చిక్కు ఉంది. ఆ మార్గం ఎంచుకొనే కుటుంబాలలో సాధారణంగా చదువుకున్న తల్లిదండ్రులు, ఇంటినిండా పుస్తకాలు, పిల్లల కోసం వెచ్చించగల సమయం ముందే ఉంటాయి. ఆ పిల్లలు రాణిస్తే, ఆ కీర్తి ఇంటి చదువుదా, ఆ ఇంటి సంపత్తిదా అని విడదీయడం కష్టం. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా బడులు మూతబడినప్పుడు దేశంలోని ప్రతి ఇల్లూ కోరకుండానే బడిగా మారింది. అనేక రాష్ట్రాలు రేడియో ద్వారా, టెలివిజన్ ద్వారా పాఠాలు ప్రసారం చేశాయి. ఒక్క సెల్‌ఫోను, ముగ్గురు పిల్లలు, రోజుకూలికి వెళ్ళే తల్లి ఉన్న ఇంట ఆ చదువు ఎలా సాగిందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఇల్లు అనే మాట ఒకటే. ఇళ్ళు మాత్రం ఒకటి కావు. ఇంటి చదువు భారమంతా తల్లి నెత్తిన పడడం మరొక అన్యాయం. కనుక ఇల్లు బడికి బదులు కాగలదన్న వాదం సామాన్య కుటుంబాలకు ఉపకరించదు.

అయితే బడి ఇవ్వలేనిది ఇల్లు ఇవ్వగలదు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక పిల్లవాడు తన కథ ముగించేవరకు ఆగే వ్యవధి ఉపాధ్యాయునికి ఉండదు. గంట మోగుతుంది, పాఠం మారుతుంది. ఇంటిలో గంట లేదు. పిల్లవాడు తడబడవచ్చు, మొదటికి రావచ్చు, పాత్రల పేర్లు మార్చవచ్చు, రేపు కొనసాగించవచ్చు. శ్రవ్య నాటకం పిల్లవాని ఊహకు ఖాళీ స్థలం చూపిస్తే, ఇల్లు ఆ స్థలంలో ఆడుకొనేందుకు తీరిక ఇస్తుంది. ఆ ఆటను చూసి మెచ్చి, మరింత బాగా ఆడమని ప్రోత్సహించే తోటివారిని బడి ఇస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన రెండూ సృజనగా పరిణమించవు. ఈ ప్రసంగానికి విషయమైన ప్రశ్నకు సమాధానం ఇదే.

ఆచరణలో ఇదెలా సాధ్యమో ఒక ఉదాహరణతో చూడవచ్చు. మర్యాద రామన్న తీర్పుల కథలు తెలుగు ఇళ్ళన్నింటా వినబడేవే. ఒకామె పొరుగింటామెకు నెయ్యి అప్పిచ్చింది. తీసుకొన్నామెకు పాడి ఎక్కువ. తనకు అప్పు చేయవలసిన అవసరమేమిటని ఆమె బుకాయించింది. సాక్షులు లేరు. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్ళు కడుక్కోమని చెరొక చెంబు నీళ్ళు ఇప్పించాడు. ఇక్కడ కథ ఆపాలి. తీర్పు చెప్పకుండా, 'రామన్న ఏమి కనిపెట్టాడు?' అని పిల్లలను అడగాలి. ఒకరు ఒకటి చెబుతారు, మరొకరు మరొకటి చెబుతారు. ఏదీ తప్పని అనకూడదు. పొదుపరి కొద్ది నీళ్ళతోనే శుభ్రంగా కడుక్కొంది, దుబారామనిషికి చెంబెడూ చాలలేదు అన్న అసలు తీర్పు చివరకు చెప్పవచ్చు. పిల్లలు చెప్పిన తీర్పులలో ఒకటి దానికంటె బాగుంటే ఆ రోజుకు అదే తీర్పు.

తరువాత ఆ కథను నాటికగా చేయమనాలి. కన్నులకు పని లేదు, చెవులకే పని. ఇద్దరు స్త్రీల గొంతులు వేరువేరుగా తెలియాలి. బురదలో నడక ఎలా వినిపించాలి? తడిసిన గుడ్డను పిసికితే ఆ చప్పుడు వస్తుందేమో చూడాలి. ఒకామె నీళ్ళు పొదుపుగా పోసుకొన్నదని, మరొకామె గుమ్మరించిందని మాటలతో చెప్పకుండా చెంబు చప్పుడుతో ఎలా తెలపాలి? ఈ నాటికలో తీర్పు అంతా ఆ నీళ్ళ చప్పుడులోనే ఉంది. వంటింట్లో చెంబులు తారుమారు చేస్తూ పదేళ్ళ పిల్ల ఈ చిక్కు విప్పుకొంటున్న వేళ ఆమె చేస్తున్న పని పండితులు చెప్పే సృజనే. దీనికి ఖర్చు లేదు. ఇంటిలో ఉన్న సెల్‌ఫోను ధ్వనిముద్రణ యంత్రంగా పనిచేస్తుంది. వారానికి ఒక సాయంత్రం, అరగంట చాలు. తల్లికి పని పెరగనవసరం లేదు; కథ చెప్పే బాధ్యత తాతదో, నాయనమ్మదో కావచ్చు.

ఇక అక్షరం సంగతి. చెవికి మాత్రమే తెలిసిన తెలుగు కంటికి ఎలా చేరుతుంది? మొదటి వారం పిల్లలు నోటికి వచ్చినట్టు మాట్లాడతారు. రెండవ వారం అదే నాటికను మరింత బాగా చేయాలనుకొన్నప్పుడు ఎవరు ఎప్పుడు ఏమన్నారో గుర్తుండదు, తగవు వస్తుంది. రాసుకోక తప్పదు. మొదట ఇంగ్లీషు అక్షరాలతోనో, ఒడియా అక్షరాలతోనో రాసుకొంటారు. రాసుకోనివ్వాలి. 'ళ', 'ణ' ఇంగ్లీషు అక్షరాలలో ఇమడక నాలుక తడబడినప్పుడు తెలుగు లిపి అవసరం పిల్లలకే తెలుస్తుంది. శిక్షగా నేర్పిన అక్షరం పరీక్ష అయ్యాక మరుగున పడుతుంది. తన నాటిక కోసం తానే అడిగి నేర్చుకొన్న అక్షరం నిలుస్తుంది.

చెవితో విన్నదానిని అక్షరబద్ధం చేసే ఈ పనికి ఈ ప్రాంతంలోనే మహనీయుడైన మార్గదర్శకుడున్నాడు. నేడు ఒడిషాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా జీవితంలో అధిక భాగం గడిపిన గిడుగు రామమూర్తి పంతులు, సవర భాషకు పుస్తకాలు లేని రోజులలో, ఆ భాష ఎరిగినవారిని ఇంటికి రప్పించుకొని వింటూ నేర్చుకొన్నాడు. విన్నదానిని రాశాడు, రాసినదానితో సవర పిల్లలకు పాఠాలు కూర్చాడు, బడులు నడిపాడు, వ్యాకరణం, నిఘంటువు రచించాడు. ఆయన పద్ధతిలో వినికిడి, ఇల్లు, బడి మూడూ ఒకే వరుసలో నిలిచాయి. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటానికి మూలమూ అదే నమ్మకం: జనం నోట పలికే మాట రాతకు అర్హమైనదే. గంజాం తెలుగులోని ఒడియా పలుకుబడులను, ఉత్తరాంధ్ర యాసను చూసి ఇక్కడి పిల్లలు సిగ్గుపడవలసిన పని లేదు. నాయనమ్మ పాత్రకు నాయనమ్మ మాటే ఉండాలి. ఆ మాటను దిద్దితే ఆ పాత్ర చనిపోతుంది.

తల్లిదండ్రులకు ఒక సంకోచం ఉండడం సహజం. పోటీ పరీక్షల కాలంలో నాటకాలకు సమయమెక్కడ? తెలుగులో నాటిక రాసిన పిల్లకు ఉద్యోగం వస్తుందా? ఈ ప్రశ్నలు చులకన చేయదగినవి కావు. బిడ్డ భవిష్యత్తు గురించి భయపడే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అయితే వారు ఒక విషయం ఆలోచించాలి. ఎదుట లేనిదాన్ని ఊహించడం, విన్నదాన్ని క్రమంగా చెప్పడం, ఇతరుల గొంతులో నిలబడి ఆలోచించడం, నలుగురితో కలిసి ఒక పని ముగించడం ఏ వృత్తికి అక్కరలేదు? ఇవి తెలుగులో అలవడితే ఇంగ్లీషులో మరచిపోయేవి కావు. వారానికి అరగంట పోతుందన్న భయం కంటె, ఇంట మాట్లాడే భాషలో బిడ్డ ఒక్క కొత్త వాక్యమూ కల్పించకుండానే పెద్దదవుతుందన్న భయం తక్కువదేమీ కాదు.

ఈ జూబిలీ సంవత్సరంలో పాఠశాల చేపట్టదగిన పనులు మూడున్నాయి. నెలకు ఒక శనివారం, ఇళ్ళలో తయారైన శ్రవ్య నాటికలను బడిలో అందరూ కలిసి వినే సభ జరపాలి. దానికి బహుమతులు, మార్కులు అక్కరలేదు. ప్రతి నాటిక తరువాత విన్నవారిలో ఒకరు లేచి తనకు ఏమి కనిపించిందో చెబితే చాలు. అదే నాటికలో ఒకరికి ఎర్రచీర, మరొకరికి పచ్చచీర కనిపించిందని తెలిసిన క్షణాన ఊహ ఎంత స్వతంత్రమో పిల్లలకు బోధపడుతుంది. ఈ సభలోకి ఇంగ్లీషు మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు కూడా ప్రవేశం ఉండాలి. వారు ఈ బడి హాజరు పట్టీలో లేకపోవచ్చు. ఈ బడి పూర్వ విద్యార్థుల ఇళ్ళలో ఉన్నారు. రెండవది, పూర్వ విద్యార్థులు తమ గొంతులతో చిన్ననాటి కథలు, వీధుల పేర్లు, ఆటల పాటలు ధ్వనిముద్రణ చేసి పాఠశాలకు అప్పగించాలి. పిల్లల నాటికలకు అవి ముడిసరుకు అవుతాయి. మూడవది, నాటిక రాసుకోవడానికి తెలుగు అక్షరాలు కావాలని వచ్చి అడిగిన ఏ బిడ్డకైనా, ఏ బడిలో చదువుతున్నా, ఆ అక్షరాలు నేర్పడానికి ఒక ఉపాధ్యాయుడు సాయంత్రం వేళ అందుబాటులో ఉండాలి.

డెబ్బై అయిదేళ్ళ క్రితం ఈ పాఠశాల స్థాపకులు ఇళ్ళలో ఉన్న తెలుగును నమ్ముకొని బడి కట్టారు. ఆ ఇళ్ళ నుండి పిల్లలు నడిచి వచ్చారు కనుక బడి నిలిచింది. ఇప్పుడు బడి నడిచి ఆ ఇళ్ళ దాకా వెళ్ళవలసిన కాలం వచ్చింది. అందుకు కావలసినవి ఒక కథ, దానిని ముగింపుకు ముందే ఆపే ఓర్పు, 'తరువాత ఏమయింది?' అని అడిగే ఒక పెద్ద నోరు. జవాబు చెప్పడానికి పిల్లలు సిద్ధంగానే ఉన్నారు.

పాఠశాల శతజయంతి నాటికి ఆ పిల్లలు రచించిన నాటికల సంపుటం ఈ వేదిక మీద ఆవిష్కృతమగుగాక. శుభం భూయాత్.